తడి ఉన్ని బరువు

పోయిన ఏడాది తాడేపల్లిగూడెంలో మా బాబాయి మనవడి ఇంట్లో నిశ్చితార్థం జరిగింది. పెద్దదాన్నని నన్ను గోడవారగా కుర్చీలో కూర్చోబెట్టారు. వయసు మళ్ళినవాళ్ళకి చెవులు కూడా పనిచెయ్యవని ఈ కాలం పిల్లల నమ్మకం. నా పక్కనే నలుగురు ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకుంటూ కబుర్లాడుకుంటున్నారు. అందులో కాలేజీ చదివే పిల్ల ఒకతి చెప్పడం మొదలెట్టింది. "ఏలూరులో మనవాళ్ళు తివాసీలు నేసేవాళ్ళట కదా, ఆ ఇంట్లో ఓ పిచ్చిపిల్ల ఉండేదట. వరదొస్తే తలుపుకి అడ్డంగా ఉన్ని మూటలు పెట్టుకుని లోపల కూర్చుందట. అవి తడిసి కదల్లేదట. తడి ఉన్ని ఎంత బరువుంటుందో తివాసీలవాళ్ళ పిల్లకే తెలియలేదు చూడు!" అంది. మిగతా ముగ్గురూ "అయ్యో పాపం" అంటూనే నవ్వారు. నా చేతిలో సేమ్యా గిన్నె ఉంది. అది కింద పెట్టి లేచి వచ్చేశాను. కోడళ్ళంతా నాకు ఒంట్లో బాగోలేదనుకున్నారు. ఒంటికేం, గుండ్రాయిలా ఉంది. ఆ కథ తప్పు. తప్పని తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రాస్తున్నాను.

ఆ పిచ్చిపిల్ల మా ఆపా, అంటే మా అక్క. పేరు మెహరున్నీసా. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. మా అమ్మ నన్ను కన్న పురిట్లోనే పోయింది. మేకపాలు గుడ్డ చివర ముంచి నా నోట్లో పిండి బతికించింది ఆపానే. ముప్ఫైల నాటి మాట ఇది. ఇంట్లో నలుగురమే. నాన్న, నాన్నని కన్న దాదీ, ఆపా, నేను. నాన్నని ఇంట్లో అబ్బాజాన్ అనేవాళ్ళం గానీ ఇక్కడ నాన్న అనే రాస్తాను, ఇన్నేళ్ళ తెలుగు రాతలో చెయ్యి అలా అలవాటైపోయింది.

మా ఇల్లు ఏలూరులో తమ్మిలేరుకి దగ్గరగా, తివాసీల పనివాళ్ళ వీధిలో ఉండేది. ఆ వీధిలోకి కళ్ళు మూసుకుని నడిచినా వచ్చేయొచ్చు, తడి గొర్రె వాసన అంతలా కొట్టేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకేమో అది ఇంటి వాసన. పెరట్లో రంగుల పాక, అందులో రాగి గాబులు, పొయ్యి మీద ఎప్పుడూ ఉడుకుతూ ఏదో ఒక రంగు. దానిమ్మ తొక్కలు ఉడికే రోజు పులుపు వాసన, నీలిమందు కలిపే రోజు మాత్రం ఎవరికీ అన్నం సహించేది కాదు. దాదీ ఒక్కతే ఆ వాసనలోనే కూర్చుని పాన్ నమిలేది. "ఈ కంపు పీల్చే డెబ్భై ఏళ్ళు బతికాను, మీరు అత్తరు పూసుకుని చూడండి ఎన్నాళ్ళుంటారో" అనేది. ఆవిడకి మోకాళ్ళు పనిచేసేవి కాదు. నోరు మాత్రం నాలుగిళ్ళ అవతలికి వినపడేది.

మగ్గం ఉన్న గది ఇంటికల్లా గట్టిది. మిగతా ఇల్లంతా తాటాకే గానీ ఆ గదికి మాత్రం మందపాటి మట్టి గోడలు, పైన తాటి దూలాల మీద పలకలు పరిచి మట్టి కప్పిన మిద్దె. ఉన్నికి ఎలుకలు పట్టకుండా, నిప్పురవ్వ పడకుండా మా తాత అలా కట్టించాడట. లోపలికి తెరుచుకునే ఒకటే తలుపు, పైన వెలుగు కోసం ఇనప ఊచల కిటికీ. అందులో ఒక ఊచ ఏనాడో ఊడిపోయింది, మా పిల్లి ఆ సందులోంచే రాకపోకలు సాగించేది. మగ్గం నిలువు మగ్గం. కిందొక దూలం, పైనొక దూలం, మధ్యలో నిలువుగా లాగి కట్టిన నూలు దారాలు. నాన్న వెనకాల పీట మీద కూర్చుని నమూనా పాడేవారు. పాట అంటే రంగుల లెక్కే. "రెండు ఎరుపూ... ఒకటి నీలం... మళ్ళీ రెండు ఎరుపూ" అని రాగం తీసేవారు. మగ్గం ముందు కూర్చున్న ఆపా ఆ ముడులు వేసి "వేశాను" అనాలి. నేను పక్కన చిన్న అంచు ముడులు వేస్తూ "వేశా" అనేదాన్ని. జవాబు రానిదే నాన్న తరవాతి రంగు పాడేవారు కాదు. పొద్దున్నుంచి సాయంత్రం అసరు నమాజు దాకా మా ఇంట్లో మాటలంటే అవే.

ఆ తివాసీకి ఓ కట్టుబాటు ఉండేది. మొదలెట్టిన చెయ్యి చివరిదాకా ఉండాలి. మధ్యలో చెయ్యి మారితే ముడి బిగువు మారుతుంది, తివాసీ పరిచినప్పుడు అక్కడ వంకర కనపడిపోతుంది. పూర్తయ్యాక మగ్గం మీద దారాలు కోసే పని ఇంట్లో పెద్ద ఆడమనిషిది. దాదీ బిస్మిల్లా అని కత్తి పెట్టి కోసేది, ఆ రోజు అందరికీ సేమ్యా వండేవాళ్ళు. ఆవిడ కోసేదాకా ఆ నూలుకి ఇంకే కత్తీ తగలకూడదు. ఆపాకి భీమడోలు సంబంధం కుదిరింది. మగ్గం మీద తివాసీ ఇంకో జానెడు మిగిలింది. "అది కోసిన మర్నాడే నిఖా" అన్నారు నాన్న. ఆపా ఆ జానెడూ మహా నెమ్మదిగా నేస్తోందని దాదీ వేళాకోళం చేసేది. "తొందరగా వెయ్యవే, అక్కడ పెళ్ళికొడుక్కి గడ్డం నెరిసిపోతోంది" అంటే ఆపా చెవులు ఎర్రబడేవి.

తడి ఉన్ని గురించి ఇక్కడే చెప్పాలి. గొర్రెల నుంచి వచ్చిన ఉన్ని ముందు ఏట్లో కడగాలి. ఎండు మూట నేను కూడా దొర్లించగలిగేదాన్ని, ఆపా అయితే చంకన పెట్టుకుని నడిచిపోయేది. అదే మూట నీళ్ళు తాగాక ఇద్దరు మగవాళ్ళు కావిడి కర్ర వేసుకుని మోసేవాళ్ళు. వారానికోసారి ఆ పని చూస్తూ పెరిగినవాళ్ళం. మా ఊరు మొత్తంలో తడి ఉన్ని బరువు మాకంటే తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. దాన్నే ఇన్నాళ్ళూ తలుచుకుంటున్నాను.

తమ్మిలేరు సంగతి ఏలూరువాళ్ళకి తెలుసు. ఎండిపోయి ఇసక తేలి ఉంటుంది. ఎగువన కొండల్లో వానపడితే చాలు, ఉన్నట్టుండి ఒళ్ళంతా ఎర్రనీళ్ళతో వచ్చిపడుతుంది. వచ్చినంత వేగంగానూ పోతుంది, కొల్లేరు ఉంది కదా తాగడానికి. ఏటా ఒకటి రెండుసార్లు మా వీధిలోకి చీలమండల దాకా నీళ్ళు వచ్చేవి. దానికి మా వీధివాళ్ళది ఒకటే మందు. తలుపు వేసి, గడప సందులో చెత్త ఉన్ని కూరేవాళ్ళు. ఉన్ని నీళ్ళు తాగి ఉబ్బి సందు మూసుకుపోయేది, లోపలికి చుక్క వచ్చేది కాదు. "మా గుమ్మం ఏరు దాటలేదు" అని నాన్న గొప్పగా చెప్పుకునేవారు.

ఆ ఏడాది మూడు రోజులుగా ముసురు పట్టింది. నాలుగోనాడు పొద్దున్నే పైడమ్మ వచ్చింది. పైడమ్మది కొల్లేటి మధ్యలో ఒక లంక ఊరు, ఆమె మొగుడు దోనె మీద చేపలు పడితే ఆమె గంపలో ఏలూరు తెచ్చి అమ్మేది. ఆ రోజు గంప ఖాళీగా ఉంది. "చేపలు లేవండీ దాదమ్మగారూ. మా ఊరోళ్ళంతా సామాన్లు సర్దుకుని గట్టెక్కేశారండీ. కొల్లేరు నిండిపోయింది. ఉప్పుటేరు సముద్రంలోకి లాగట్లేదండీ" అంది. నాన్న లోపల్నుంచి వచ్చి, "ఏరొచ్చినా సాయంత్రానికి తీసేస్తుందిలే పైడమ్మా" అన్నారు. "ఈసారి తియ్యదండీ సాయిబుగారూ. వచ్చిన నీళ్ళు పోడానికి చోటు లేదండీ. ఆడపిల్లలున్న ఇల్లు, నా మాటిని కదలండి" అందామె. నాన్న నవ్వి, దాదీ చేత ఆమెకి వేడి టీ ఇప్పించారు. టీ తాగి, "మా ఆయన దోనె ఊరి చివర కట్టి ఉంచుతాడండీ" అని చెప్పి పోయింది.

మిట్టమధ్యాహ్నం నీళ్ళొచ్చాయి. మామూలుగా వచ్చేవే అనుకున్నాం గానీ చూస్తూండగానే పెరట్లో రాగి గాబు లేచి తేలింది. నాన్న మొహం మారిపోయింది. దాదీ నడవలేదు, వీపు మీద మోసుకుపోవాలి. వీధి మొదట్లో మసీదు ఎత్తు అరుగు మీద ఉంది. "నేను అమ్మని అక్కడ దింపుతాను. మీరిద్దరూ మగ్గం గది తలుపు మూసి, బైటినుంచి గడప సందులో ఉన్ని కూరి, నా వెనకాలే వచ్చేయండి. బైటినుంచి, విన్నారా? లోపల ఉండొద్దు" అని రెండుసార్లు చెప్పి, దాదీని ఎత్తుకుని మోకాలి లోతు నీళ్ళలో వెళ్ళారు. దాదీ ఆయన వీపు మీదనుంచి తల తిప్పి, "ఒసే, నా పాన్ డబ్బా తీసుకురండే" అని అరిచింది.

ఇక్కడినుంచే కథ తప్పు చెప్పుకుంటున్నారు. ఆపా చెత్త ఉన్ని తీసుకుని బైటికి వెళ్ళబోయింది. ఆపింది నేను. "బైట కూరితే ఏరు పీక్కుపోతుంది ఆపా. లోపల మూటలు పేరుద్దాం, అన్నీ పేరుద్దాం. మనం లోపలే ఉండి తివాసీ కాపాడితే నాన్న వచ్చి శెభాష్ అంటారు" అన్నాను. ఆపా, "నాన్న బైట పెట్టమన్నారు గదే చిట్టీ" అంది. నేను ఆ రోజు ఎంత గడుసుగా ఉన్నానో, "నువ్వెప్పుడూ అంతే, పిరికిదానివి! తివాసీ తడిసిపోతే నీ పెళ్ళి ఆగిపోతుంది, ఏడుస్తూ కూర్చో అప్పుడు" అన్నాను. ఆపా ఒకసారి మగ్గం మీదున్న జానెడు ఖాళీ వంక చూసింది. అంతే, గడియ వేసింది. ఆరు మూటలు. నాలుగు ఇద్దరం దొర్లించాం, పై రెండూ ఆపా ఎత్తి పెట్టింది. పని అయ్యాక నడుం మీద చెయ్యి పెట్టుకుని నించుని ఇద్దరం నవ్వుకున్నాం కూడా. పిచ్చిపిల్ల ఎవరో తెలిసిందా ఇప్పుడు? తొమ్మిదేళ్ళదాన్ని, అంతా నేనే.

కాసేపు నీళ్ళు రాలేదు. తరవాత కింది మూటల చుట్టూ నేల నల్లబడింది. చీలమండలు మునిగాయి. "ఇంక పోదాం పదవే" అని ఆపా పై మూటలు రెండూ లాగి పడేసి, కింద మూట చెవులు పట్టుకుని లాగింది. కదల్లేదు. నేనూ పట్టుకున్నాను. ఇద్దరం కాళ్ళు గోడకి తన్ని లాగినా కదల్లేదు. నీళ్ళు తాగుతున్న ఉన్ని చప్పుడు చేస్తుంది, బుడబుడమని చిన్న చప్పుడు. రోజూ ఏటి ఒడ్డున వినే చప్పుడే. ఆపా చేతులు వదిలేసి నా మొహం వంక చూసింది. ఒక్క మాట అంటే బాగుండేది, ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది.

నీళ్ళు నడుం దాకా వచ్చేసరికి ఆపా నన్నెత్తి మగ్గం ఎక్కించింది. ఇద్దరం పై దూలం మీద కూర్చున్నాం, కిటికీ పక్కనే ఉంది. ఊచ ఊడిన సందులో ఆపా తల పెట్టి చూసింది. తల పట్టింది, భుజాలు పట్టలేదు. నా భుజాలు పట్టాయి. పిల్లిలా దూర్చి అవతల రంగుల పాక చూరు మీదికి తోసింది. ఆకు గుచ్చుకుని మోచేతులు చీరుకుపోయాయి. చూరు పట్టుకుని తిరిగి చూస్తే ఊచల వెనకాల ఆపా మొహం. చుట్టూ ఎర్రటి నీళ్ళు, మనిషి నిలవలేని వడి, మసీదు అరుగు మీద జనం చీమల్లా కనపడుతున్నారు. "నాన్నా!" అని గొంతు చించుకున్నాను. ఆ హోరులో నా అరుపెక్కడ వినపడుతుంది?

"ఏడవకు. ఓణీ నెత్తిన వేసుకో, జలుబు చేస్తుంది" అంది ఆపా. నేను, "నేనే పెట్టమన్నాను, నాన్న చంపేస్తారు" అని ఏడ్చాను. ఆపా ఊచల్లోంచి చెయ్యి చాపి నా ముక్కు తుడిచింది. "నేను పెట్టానని చెప్తాలేవే. నన్నైతే ఒక్కపూట తిట్టి ఊరుకుంటారు. ఎలాగూ అత్తారింటికి పోయేదాన్ని" అని నవ్వింది. చూరు జారిపోతోందని నన్ను వెనక్కి, పాక పైకొప్పు దగ్గరికి పాకమంది. అక్కణ్ణించి ఆమె మొహం కనపడదు. "కనపడకపోతే ఏం, వినపడతాను కదా. నేను రంగు చెప్తాను, నువ్వు వేశానను. జవాబు రాకపోతే ఊరుకోను" అని మొదలెట్టింది. "రెండు ఎరుపూ..." "వేశా." "ఒకటి నీలం..." "వేశా." మేం నేస్తున్న వరసే, మిగిలిన జానెడూ. నాన్న రాగంలోనే పాడింది. ఎన్ని వరసలు వేశామో నాకు తెలియదు. మధ్యలో నాకు నిద్రలాంటిది వస్తే, "ఏదీ, జవాబు?" అని గదిమింది. అసరు వేళ అవుతుండగా వీధి మలుపులో దోనె కనపడింది. పైడమ్మ మొగుడు గెడ వేస్తున్నాడు, ముందు నాన్న నించున్నారు. "ఆపా! నాన్న వస్తున్నారు!" అని అరిచాను. "ఎంత దూరంలో?" అంది. "పది ఇళ్ళు!" అన్నాను. "సరే అయితే, రెండు తెలుపూ..." అంది. "వేశా" అన్నాను. ఆ తరవాత గోడ ఒరిగిన చప్పుడొకటి, దాని వెనకే మిద్దె మొత్తం. మూడు రోజుల వానకి నానిన మట్టి, ఆ గట్టి గది. "వేశా, వేశా" అని నేను అరుస్తూనే ఉన్నానట, దోనెలోకి దింపాక కూడా.

నీళ్ళు మూడోనాటికి తీశాయి. పైడమ్మ మొగుడూ, వీధివాళ్ళూ కలిసి మట్టి తవ్వారు. ఆపా పడిపోయిన మగ్గం నూలు దారాల్లో చిక్కుకుని ఉంది, చేతులకీ జుట్టుకీ చుట్టుకుపోయి. ఎవరో కొడవలి తీశారు. దాదీ "ఆగండి" అంది. ఆవిణ్ణి ఇద్దరు మోసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టారు. దాదీ తన కత్తి తెప్పించుకుంది. బిస్మిల్లా అని, పూర్తయిన తివాసీకి కోసినట్టే ఒక్కొక్క వరసా ఆ చివర్నుంచి ఈ చివరిదాకా కోసింది. నోరున్న దాదీ ఆ తరవాత బతికిన ఏడాదిన్నరలో మనిషిని పిలవడానికి తప్ప నోరు తెరవలేదు.

మళ్ళీ మగ్గం పెట్టలేదు నాన్న. తాడేపల్లిగూడెం వచ్చేసి రైసుమిల్లులో పనికి కుదిరారు. ఇప్పుడు ఏలూరు వెళ్తే తమ్మిలేరుకి ఎత్తు గట్లు, అందులో నీళ్ళకంటే చెత్తే ఎక్కువ. కొల్లేరు చేపల చెరువులైపోయింది. తివాసీలు ఇంకా నేస్తున్నారు గానీ రంగులు డబ్బాల్లో వస్తాయి, నమూనా కాయితం మీద ఉంటుంది, పాడేవాళ్ళు లేరు. అప్పుడు బాగుండేదని నేననను. తాటాకు కింద, ఏటి వాకిట్లో బతకడం ఏం బాగు? కాకపోతే అప్పట్లో ఒకరు పాడితే ఇంకొకరు పలికేవాళ్ళం. ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉండే ఇంట్లో టీవీ ఒకటే మాట్లాడుతుంది, దానికి జవాబక్కర్లేదు.

వాన పడ్డప్పుడల్లా నాన్న ఆపాని తిట్టుకునేవారు. "బుద్ధిలేనిది. తడి ఉన్ని సంగతి దానికి తెలియదా? బైట పెట్టమని రెండుసార్లు చెప్పాను" అని, వచ్చినవాళ్ళందరికీ చెప్పి కళ్ళు తుడుచుకునేవారు. అలా పాకిందే ఈ కథ. నాన్న పోయేదాకా, పోయాక కూడా నేను నోరు విప్పలేదు. ఆపా ఒప్పుకుంది ఒక్కపూట తిట్లకి. నేను ఆమె చేత అరవయ్యేళ్ళు తినిపించాను.

నన్ను ఆయన అడిగింది ఒక్కసారే. ఆపాని మట్టి చేసి వచ్చిన సాయంత్రం, మసీదు అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. పైడమ్మ ఎక్కణ్ణించో గంజి తెచ్చి నా చేతికిచ్చి పోయింది. నాన్న నీళ్ళు తీసిన వీధి వంక చూస్తూ, మెల్లిగా, "మూటలు లోపల పెట్టమన్నది ఎవరమ్మా?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. చెప్పి ఉంటే ఏమీ అనేవారు కాదని ఇప్పుడు తెలుసు. "ఆపా" అన్నాను. నాన్న తల ఊపి, "పోనీలే, నువ్వైనా నా మాట వినేదానివి మిగిలావు" అని నా తల మీద చెయ్యి వేశారు. ఆయన ఆ చెయ్యి తీసేదాకా కదలకుండా కూర్చున్నాను.